పెద్దిల్లు... ఊళ్ళోనూ, వెండితెర మీదా!

"జమీందారు" అనగానే మీ కళ్ళ ముందు ఎవరు మెదులుతారు?

మా తరం వాళ్ళనడిగితే ఠక్కున చెప్పేస్తారు, యస్.వి.రంగారావు అని! పట్టు లాల్చీ, భుజాన కండువా, మేడ మెట్లు దిగుతూ ఒక్క పిలుపు పిలిస్తే ఇల్లంతా మారుమోగే ఆ కంఠం... కాస్త తర్వాతి వాళ్ళనడిగితే రావు గోపాలరావు అంటారు. కుర్చీలో వెనక్కి వాలి, ఎదుటివాడి కొంప కూల్చే మాటను కూడా నవ్వుతూ, తాపీగా, చమత్కారంగా చెప్పే ఆ తీరు! ఒకాయన ఊరికి తండ్రి. ఇంకొకాయన ఊరికి యముడు. ఇద్దరూ కూర్చున్నది మాత్రం ఒకే కుర్చీలో. ఊళ్ళోని పెద్దింటి కుర్చీ!

ఈ ఇద్దరిలో ఎవరు నిజం? "ఇద్దరూ నిజమే" అని తప్పించుకోవడం తేలిక. కానీ ఆ మాటకు అర్థమేమిటో, మన సినిమాకూ ఆ పెద్దిళ్ళకూ ఉన్న చుట్టరికమేమిటో కాస్త తవ్వి చూద్దాం రండి. ఈ కథలో హీరోలున్నారు, విలన్లున్నారు, కోర్టు నోటీసులున్నాయి, గుర్రాలున్నాయి. ఆఖరికి మా తాతా అవ్వల తగవు కూడా ఉంది!

చెన్నపట్నానికి పేరిచ్చిన వంశం

నేను తిరుపతి వాణ్ణి. మా ఊరి బస్టాండులో ఏ దిక్కు బస్సెక్కినా ఏదో ఒక పాత సంస్థానం తగులుతుంది. తూర్పున శ్రీకాళహస్తి, దక్షిణాన కార్వేటినగరం, ఈశాన్యాన వెంకటగిరి, పడమట పుంగనూరు. మిగతా దేశం వాళ్ళకు తిరుపతి అంటే వెంకన్న ఒక్కడే. మాకు మాత్రం ఆయన చుట్టూ ఇన్ని దివాణాలు!

అందులో కాళహస్తి వారి సంగతి సినిమా పిచ్చి ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాలి. 1639లో ఈస్టిండియా కంపెనీ తెల్లవాళ్ళకు సముద్రం ఒడ్డున జాగా ఇచ్చినవాళ్ళు దామెర్ల నాయకులు. వాళ్ళ తండ్రి చెన్నప్ప నాయకుడు. ఆయన పేరు మీదనే అక్కడ వెలసిన ఊరు చెన్నపట్నం అయింది. కాళహస్తి జమీందార్లు ఆ దామెర్ల వంశం వాళ్ళే. అంటే ఏమిటన్నమాట? ఏ చెన్నపట్నంలో మన తెలుగు సినిమా నాలుగైదు దశాబ్దాల పాటు కాపురం చేసిందో, ఏ కోడంబాకం వీధుల్లో మన తారలు కార్లలో తిరిగారో, ఆ పట్నానికి పేరిచ్చింది మా పక్కూరి జమీందారీ వంశం!

ఇక కార్వేటినగరం. సంగీతం తెలిసినవాళ్ళు సారంగపాణి పదాలు అని లొట్టలు వేస్తారే, అవి ఆ సంస్థానం నీడలో పుట్టినవే. వెంకటగిరి అంటే చీరలు. సన్నటి నూలు, అంచున జరీ. ఆ మగ్గాలు నిలిచింది వెలుగోటి రాజుల ఆదరణ వల్లనే. ఇప్పటికీ వినాయక చవితి వెళ్ళాక అక్కడ జరిగే పోలేరమ్మ జాతరలో రాజావారి కుటుంబానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది.

కొండ మీదికి పోదామా? తిరుమలకు బ్రహ్మోత్సవాలప్పుడు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వస్తాయి. గద్వాల సంస్థానం వాళ్ళు మొదలుపెట్టిన ఆనవాయితీ అది. సంస్థానం పోయింది, రాజ్యం పోయింది. పంచెలు మాత్రం ఆగలేదు. అక్కడి నేతగాళ్ళు దీక్ష పట్టి ఇప్పటికీ నేసి పంపుతున్నారు.

ఇదే కొండ ఇంకో సంగతి కూడా చెబుతుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకు ముందు మెట్ల దారే గతి. లేనివాళ్ళు కాలినడకన ఎక్కేవాళ్ళు. ఉన్నవాళ్ళు డోలీలో కూర్చునేవాళ్ళు, దాన్ని కూలివాళ్ళు భుజాల మీద మోసేవాళ్ళు. దేవుడి దగ్గరికి పోయే దారిలోనే మోసేవాడొకడు, కూర్చునేవాడొకడు! పెద్దింటి కథంతా ఆ డోలీలోనే ఉంది.

బడి కట్టించిన చెయ్యి, ముద్ర వేసిన చెయ్యి

అసలు ఊళ్ళో పెద్దిల్లు ఏం చేసేది? ఇప్పటి కుర్రకారుకు ఇది ఊహకందదు. ఒక్క మాటలో చెప్పాలంటే ఇప్పుడు పంచాయితీ ఆఫీసు, బ్యాంకు, కోర్టు, కల్యాణ మంటపం, ఆసుపత్రి కలిసి చేసే పనులన్నీ ఒక్క ఇల్లే చేసేది. చెరువు తెగితే మట్టి వేయించాల్సింది దివాణం. గుడిలో దీపం వెలగాలన్నా, జాతరకు మేళం రావాలన్నా, నాటకాల వాళ్ళకు తెరలు కొనాలన్నా దివాణం. అన్నదమ్ములు గట్టు కోసం కొట్టుకుంటే తీర్పు దివాణానిది. ఆడపిల్ల పెళ్ళికి అప్పు దివాణానిది. కరువొస్తే గంజి కూడా దివాణానిదే.

బళ్ళూ కాలేజీలూ కూడా అట్లానే వచ్చాయి. నెల్లూరులో వి.ఆర్. కాలేజీ పేరు వినే ఉంటారు. ఆ రెండక్షరాలకు అర్థం వెంకటగిరి రాజా! ఆ కాలేజీ మెట్లెక్కి ఎంతమంది ప్లీడర్లయ్యారో, ఎంతమంది కవులయ్యారో!

ఇంత చదివాక "అబ్బ, ఎంత మంచివాళ్ళు!" అనిపిస్తుంది కదూ? ఆగండి. ఈ డబ్బంతా ఎక్కడిది?

1802 ప్రాంతాల్లో కంపెనీ ప్రభుత్వం శాశ్వత పైసలా అని ఒకటి చేసింది. జమీందారు ఏటా సర్కారుకు ఇంత కట్టాలని ఒక లెక్క రాసి సన్నదు చేతికిచ్చింది. రైతు దగ్గర వసూలు చేసేది జమీందారు. కట్టేది పోను మిగిలింది ఆయనది. 1908లో రైతుకు కొంత రక్షణగా ఎస్టేటు భూముల చట్టం వచ్చింది కానీ, దివాణం గుమ్మం ముందు చట్టం చదివి వినిపించే మొనగాడెవడు? చెప్పులు విడిచి, తలపాగా చంకలో పెట్టుకుని నిలబడాల్సిన చోటు అది.

మా అవ్వ పుట్టిన ఊరు ఇట్లాంటి ఒక జమీను గ్రామం. ఊరి పేరు, ఆ ఇంటి పేరు ఇక్కడ అనవసరం. అక్కడ సిస్తు రూకల్లో కాదు, పంటలో వాటా. వాటా పంచేదాకా కళ్ళంలో ధాన్యం రైతు ముట్టుకోకూడదు. రాశి మీద మట్టితోనో బూడిదతోనో దివాణం ముద్ర వేసి పోతారు. ఆ ముద్ర చెదిరితే దొంగతనం కట్టినట్టే! అమీను వచ్చి కొలిచేదాకా రైతు రాత్రీ పగలూ కాపలా. ఒకేడు అమీను తొమ్మిది దినాలు రాలేదట. పదో దినం వాన వచ్చింది. ముద్ర చెదురుతుందనే భయంతో మా అవ్వ నాయన రాశి మీద గొంగళి కప్పడానికి కూడా వెనకాడినాడట. వడ్లు కళ్ళంలోనే మొలకలెత్తినాయి.

అదే ఊళ్ళో అదే దివాణం ఒక బడి కట్టించింది. మా తాత ఆ బళ్ళోనే మూడో తరగతి దాకా చదువుకున్నాడు. పలకా బలపం కూడా దివాణమే ఇచ్చింది. ఈ తాతా అవ్వల సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఇంగ్లండు పల్లెలో కూడా...

ఇది మన దగ్గరే ఉన్న వింత అనుకునేరు! మన మీద పెత్తనం చేసిన ఇంగ్లండులో కూడా పల్లెకొక పెద్ద మేడ ఉండేది. మేనర్ హౌస్ అనేవాళ్ళు. అందులో ఉండే దొరగారు స్క్వైరు. ఆయన తోటలోనే ఊరి తిరునాళ్ళు, ఆయన మైదానంలోనే క్రికెట్టు. ఆయన భార్య ఊళ్ళో జబ్బుపడినవాళ్ళకు సూపు పంపేది. చర్చిలో ముందు వరుస వాళ్ళది. ఊళ్ళో సగం మంది వాళ్ళ భూముల్లోనో, వంటింట్లోనో, గుర్రపుసాలలోనో పనిచేసేవాళ్ళే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మేడలెన్నో సైన్యానికీ ఆసుపత్రులకూ పోయాయి. 1945లో లేబర్ ప్రభుత్వం వచ్చాక మరణానంతరం ఆస్తి మీద వేసే పన్ను మరీ పెరిగింది. తండ్రి పోతే మేడ నిలుపుకోవడం కొడుకు వల్ల కాలేదు. కొన్ని మేడలు నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికొచ్చి టికెట్టు పెట్టి చూపించే బొమ్మరిళ్ళయ్యాయి. ఎన్నో 1950లలో నేలమట్టమయ్యాయి.

అక్కడ ఆ పని చేసింది పన్ను. ఇక్కడ చేసింది చట్టం. కానీ మన దగ్గర చట్టం కంటే ముందే ఆ పెద్దింటి మీద ఒక దెబ్బ పడింది. ఆ దెబ్బ కొట్టింది ఎవరో తెలుసా? సినిమా!

జమీందారు డబ్బుతో జమీందార్ల మీద సినిమా!

1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'మాలపిల్ల' తీశారు. చలం గారి కథ, కాంచనమాల నాయిక. అంటరానితనం మీద సూటిగా ఎక్కుపెట్టిన చిత్రం. మరుసటేడు 1939లో అదే రామబ్రహ్మం గారు 'రైతుబిడ్డ' తీశారు. బళ్ళారి రాఘవ, టంగుటూరి సూర్యకుమారి నటించారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా మనచేత చిందులేయించిన కొసరాజు సినిమాలకు పాట రాయడం మొదలుపెట్టింది ఇందులోనే.

కథేమిటి? జమీందారు నిలబెట్టిన మనిషిని కాదని, రైతుల మనిషికి ఓటు వేసిన ఒక చిన్న రైతు. ఆ ఒక్క ఓటుకు అతను పడిన కష్టాలు. అంతే!

అంతేనా? అప్పటి పరిస్థితి చూడండి. 1937 ఎన్నికల్లో అంతకు ముందు దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన బొబ్బిలి రాజావారే ఓడిపోయారు. ఓడించింది తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు. గెలిచిన కాంగ్రెసు మంత్రివర్గంలో రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. ఆయన అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం, 1938లో దాని నివేదిక! నెల్లూరు నుంచి 'జమీన్ రైతు' అనే పత్రికే వెలువడుతున్న రోజులవి. అంత మంట మీద 'రైతుబిడ్డ' నెయ్యి పోసింది.

వెంకటగిరి, బొబ్బిలి దివాణాలు భగ్గుమన్నాయి. నోటీసులిచ్చాయి, ఆట కట్టించడానికి చూశాయి. సర్కారు కూడా నిషేధపు కత్తి దూసింది. పచ్చి రైతు కథకు ఇంత హడావిడా అని మనకిప్పుడు ఆశ్చర్యం. తెర మీద ఒక రైతు తలెత్తి "నా ఓటు నా ఇష్టం" అంటే, నేల టికెట్టులో కూర్చున్న వెయ్యి మంది తలెత్తుతారని వాళ్ళకు తెలుసు మరి!

ఇప్పుడు అసలు తమాషా వినండి. ఈ రెండు చిత్రాలూ తీసింది సారథి సంస్థ. దాని వెనక అండగా నిలిచిన పెద్దమనిషి ఎవరు? చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారు! జమీందార్లను ఎండగట్టిన సినిమాకు ఖర్చు పెట్టింది జమీందారే. అంటే ఆ ఫిల్ము చుట్టలు కూడా ఏదో కళ్ళంలోని వడ్లతో కొన్నవే కదా! దీన్ని మంచితనం అనాలా, రాజకీయం అనాలా, లోకం మారుతోందని ముందే పసిగట్టిన తెలివి అనాలా? నా ఉద్దేశంలో మూడూ కొంచెం కొంచెం.

చట్టం వచ్చాక తెర మీద...

1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది. 1949 నుంచి ఎస్టేట్లు ఒక్కొక్కటే సర్కారు చేతికొచ్చాయి. రైతు పేరు మీద పట్టా పుట్టింది. మద్రాసు స్టూడియోల్లో సరిగ్గా అప్పుడే తెలుగు సినిమా పుంజుకుంటోంది. ఊళ్ళో పెద్దిల్లు కూలుతున్న ఆ ఐదారేళ్ళలో మనవాళ్ళు తీసిన చిత్రాలు వరసగా చూడండి. భలే ఉంటుంది!

1950లో 'షావుకారు'. విజయా వారి మొదటి చిత్రం, దర్శకులు ఎల్.వి.ప్రసాద్. ఇందులో పెద్దిల్లు జమీందారుది కాదు, వడ్డీ వ్యాపారం చేసే చెంగయ్యది. గోవిందరాజుల సుబ్బారావు గారు ఆ పాత్రలో జీవించారు. పక్కింటి రామయ్యతో కలిసిమెలిసి ఉండే చెంగయ్య పంతానికి పోయి ఊరినే రెండు ముక్కలు చేస్తాడు. జమీందారు పోతే ఆ చోటు ఎవరిదో ఈ సినిమా అప్పుడే చెప్పేసింది. ఈ చిత్రంతోనే జానకి గారు 'షావుకారు' జానకి అయ్యారు.

1954లో 'పెద్దమనుషులు'. తాడిపత్రి బిడ్డ కె.వి.రెడ్డి గారి చిత్రం. ఊరందరూ చేతులెత్తి మొక్కే పెద్దమనిషి, తెర వెనక చేసేవన్నీ గోతులు తవ్వే పనులు. ఆ పాత్రకు జంధ్యాల గౌరీనాథశాస్త్రి గారు. నిజం చెప్పే ధైర్యం ఉన్నవాడు ఊళ్ళో ఒక్కడే, తిక్క శంకరయ్య వేషంలో రేలంగి! పెద్దింటి గురించి నిజం చెప్పాలంటే పిచ్చివాడై ఉండాలన్నమాట.

1955లో 'రోజులు మారాయి'. మళ్ళీ సారథి వారే. దర్శకులు తాపీ చాణక్య, నాయకుడు అక్కినేని. సి.యస్.ఆర్. గారి జమీందారు మాటలో తేనె, చేతిలో విషం. వహీదా రెహమాన్ ఏరువాక పాటకు నాట్యం చేసి దేశాన్ని తనవైపు తిప్పుకున్నది ఇందులోనే. భూమి దున్నేవాడిదే అన్న మాట ఇంత హుషారుగా చెప్పిన చిత్రం ఇంకోటి లేదు.

అదే 1955లో, సంక్రాంతికి... 'మిస్సమ్మ'!

తాతకూ అవ్వకూ తగవు

అప్పాపురం జమీందారు గోపాలం. మాయమైన కూతురు మహాలక్ష్మి పేరు మీద బడి నడుపుతాడు. బి.ఏ. చదివిన భార్యాభర్తలు పంతుళ్ళుగా కావాలని ప్రకటన ఇస్తాడు. రామారావు, సావిత్రి ఉద్యోగం కోసం దొంగ పెళ్ళి ఆడతారు. మిగతా కథ మీకు తెలిసిందే. గోపాలం వేషం వేసిన రంగారావు గారికి అప్పటికి వయసు 36 ఏళ్ళు. నమ్మగలరా? కూతురి మీద బెంగ పెట్టుకున్న ఆ తండ్రి, పంతులమ్మను ఇంటి పిల్లలా చూసుకునే ఆ పెద్దాయన... చూసినవాళ్ళంతా "ఇట్లాంటి జమీందారు మా ఊళ్ళో ఉంటే!" అనుకున్నారు.

మా తాతా అవ్వా ఈ సినిమా చూసింది మా వైపు సినిమా కొట్టాయిలో, నేల మీద ఇసుక కుప్ప పోసుకుని. ఆ తర్వాత ఎన్నేళ్ళో మా ఇంట్లో ఈ సినిమా ప్రస్తావన వస్తే చాలు, తగవు మొదలు! నేను పుట్టి పెరిగి పెద్దయ్యాక కూడా ఆ తగవు తీరలేదు.

"ఏమ్మే, గోపాలం మాదిరి మా దివాణం దొర కూడా బడి పెట్టించినాడు గదా! నాకు పలక ఇచ్చినాడు. ఆ బడి లేకుంటే నేను ఏలిముద్ర గాడినే" అనేవాడు తాత.

అవ్వ ఊరుకునేదా!

"ఆ పలక కొన్న దుడ్డు యాడిదో అడిగినావా? మా నాయన కళ్ళంలో మొలకలెత్తిన వడ్లది! నా వడ్లు తీసుకుని నీకు పలక ఇచ్చినాడు. దానికి మళ్ళీ దండం గూడానా?"

తాత కాసేపు గమ్మునుండి, ఆఖరి అస్త్రం తీసేవాడు. "సరేమే. చట్టం వచ్చి పట్టా చేతికిచ్చినపుడు చదివిందెవురు? నేనే గదా! కరణం ఒక ఎకరా తగ్గించి రాస్తే పట్టుకునింది నేనే గదా! ఆ నాలుగక్షరాలు యాడివి?"

అవ్వ దగ్గర దీనికి జవాబుండేది కాదు. తాత దగ్గర అవ్వ మాటకూ జవాబుండేది కాదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఎవరిది రైటు అని నన్నడిగితే, పెద్దింటి గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఈ రెండు మాటలకు మించి చెప్పలేదంటాను. లాక్కున్న చెయ్యీ, ఇచ్చిన చెయ్యీ ఒకే మనిషివి. లాక్కున్న దాంట్లోంచే ఇచ్చాడు. కానీ ఇచ్చిన ఆ అక్షరమే రేపు అతని చేతిలోంచి భూమిని విడిపించడానికి పనికొచ్చింది. పలక ఇచ్చిన రోజున దొరకు ఈ సంగతి తట్టి ఉండదు!

'మిస్సమ్మ' అవ్వ మాట చెప్పలేదు. 'రోజులు మారాయి' తాత మాట చెప్పలేదు. ఆ రెండూ ఒకే ఏడు, మూడు నెలల తేడాతో రావడం మన ప్రేక్షకుల అదృష్టం. ఒకే జనం రెండింటికీ ఎగబడ్డారు, రెంటికీ చప్పట్లు కొట్టారు. ఎందుకంటే ఇంటింటా ఒక తాతా ఒక అవ్వా ఉన్నారు!

పొలం పోయి స్టూడియో వచ్చె!

జమీనులు పోయాక ఆ జమీందార్లు ఏమయ్యారు? కొందరు ఎన్నికల్లోకి, కొందరు మిల్లుల్లోకి, కొందరు... చిత్రసీమలోకి!

మీర్జాపురం రాజావారి సంగతి చూడండి. శోభనాచల పతాకం మీద ఆయన చిత్రాలు తీయడమే కాదు, 1949లో 'కీలుగుర్రం' స్వయంగా దర్శకత్వం వహించారు. అక్కినేని, అంజలీదేవి తారలు. సొంత గుర్రాలు పోయే కాలంలో రాజావారు తెర మీద ఎగిరే గుర్రాన్ని వదిలారు! అదే ఏడు ఆయన శ్రీమతి, నటి కృష్ణవేణి గారు 'మనదేశం' నిర్మించారు. యన్.టి.రామారావు అనే కుర్రవాడు మొట్టమొదట తెర మీద కనిపించింది అందులోనే. ఆ కృష్ణవేణి గారు నూరేళ్ళు నిండాక 2025లో కన్నుమూశారు.

చల్లపల్లి వారేమో మద్రాసుతో ఆగక హైదరాబాదులో సారథి స్టూడియో కట్టారు. హైదరాబాదులోనే పూర్తిగా తయారైన మొదటి తెలుగు చిత్రం 'మా ఇంటి మహాలక్ష్మి', 1959లో అక్కడే తీశారు. ఇవాళ సినిమా అంతా హైదరాబాదులో ఉందంటే ఆ మొదటి ఇటుక వాళ్ళది.

మన రాయలసీమలో జమీందారు కాకపోయినా సిరిగల కుటుంబం నుంచి వచ్చినవారు తాడిపత్రి మూలా నారాయణస్వామి గారు. జమీందారీ రద్దు చట్టం వచ్చిన ఆ 1948లోనే మద్రాసులో వాహినీ స్టూడియో నిలబడింది ఆయన పెట్టుబడితో. తర్వాత అది కడప జిల్లా పొట్టిపాడు వారైన బి.నాగిరెడ్డి గారి చేతికొచ్చి విజయా వాహినీ అయింది. 'షావుకారు', 'మిస్సమ్మ' తీసిన ఆ నాగిరెడ్డి గారే 1980ల తొలి రోజుల్లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి అధ్యక్షులయ్యారు. చూశారా, తిరిగి తిరిగి మా కొండ దగ్గరికే వచ్చాం!

అందరి కథా ఇంత కులాసాగా ముగియలేదు. బెంగాలులో సత్యజిత్ రాయ్ 1958లో 'జల్సాఘర్' తీశారు. అప్పుల్లో మునిగిన ముసలి జమీందారు మిగిలిన కాసులు ఊడ్చి చివరిసారి సంగీత సభ పెడతాడు. ఛబీ బిశ్వాస్ నటన చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ఆ సినిమా చూస్తే మా తాత ఏడ్చేవాడేమో. అవ్వ మాత్రం "ఆ సభకు వక్కాకు దుడ్డెవురిది?" అని కచ్చితంగా అడిగేది!

మేడ మారింది, గేటు ముందు జనం మారలేదు

1970లు వచ్చేసరికి తెర మీద మంచి జమీందారు దాదాపు కనుమరుగయ్యాడు. 1978లో బాపు గారి 'మన ఊరి పాండవులు'. రావు గోపాలరావు దొర, ఆయన మీద తిరగబడే ఐదుగురు కుర్రాళ్ళు, అందులో ఒకడు కొత్త నటుడు చిరంజీవి. 1979లో తయారైన 'మా భూమి' తెలంగాణ పల్లెలో దొర గడీని చూపించింది. అందులో నవ్వించే దొర లేడు, పాటలు పాడే దొర లేడు. భయం ఉంది, దాని మీద తిరుగుబాటు ఉంది.

ఊళ్ళో మేడలు పాడుబడ్డాయి సరే. మరి వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జనం ఎక్కడికి పోయారు?

ఇది చదువుతున్నవాళ్ళలో పెద్దవాళ్ళుంటే చప్పున చెబుతారు. తిరుమలలో వెంకన్న దర్శనం చేసుకుని, గుండు గీయించుకుని, అదే బస్సులో మద్రాసు పోయేవాళ్ళు. ఎందుకు? రామారావు గారి ఇంటి ముందు నిలబడటానికి! తెల్లవారుజామున గేటు తీస్తే ఆయన వచ్చి నమస్కారం పెట్టేవారు. తెర మీద వేంకటేశ్వరుడిగా చూసిన మనిషి ఎదురుగా! 1983లో ఆయన ఎన్నికల్లో దిగి గుడివాడతో పాటు మా తిరుపతిలోనూ గెలిచారు. 'మన ఊరి పాండవులు'లో దొర మీద తిరగబడ్డ చిరంజీవి 2009లో అదే తిరుపతి నుంచి శాసనసభకు వెళ్ళారు.

వీళ్ళను జమీందార్లతో పోల్చడం లేదు సుమండీ! ఓటు వేసి గెలిపించాం, కావాలంటే ఓటు వేసి దింపగలం. 'రైతుబిడ్డ'లో ఆ చిన్న రైతు అన్ని కష్టాలు పడింది ఈ హక్కు కోసమే. తేడా అంతా అక్కడుంది. కానీ మనలో ఎవరైనా ఒక గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడినప్పుడు, ఆ చేతులు కట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నామో ఒక్కసారి గుర్తు చేసుకుంటే మంచిది.

చివరగా కుర్రకారుకు ఒక మాట. ఈ పాత చిత్రాలు ఇప్పుడు సెల్ ఫోనులో దొరుకుతున్నాయి. 'మిస్సమ్మ', 'రోజులు మారాయి' రెండూ ఒకే ఆదివారం చూడండి. ఒంటరిగా వద్దు. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. జమీందారు తెర మీదికి రాగానే సినిమా కాసేపు ఆపి, "మీ ఊళ్ళో పెద్దింటివాళ్ళు ఎట్లా ఉండేవాళ్ళు?" అని అడగండి. వాళ్ళు చెప్పే కథ సినిమా కంటే నిడివి ఎక్కువ. ఇంటర్వెల్ ఉండదు. అది రాసుకోండి. ఎందుకంటే ఆ కథకు రెండో ప్రింటు లేదు!